దారితప్పిన కుర్రవాళ్ళు – మన సంఘం బాధ్యత

(కోలారు జిల్లా మిల్లు కార్మికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతాల గురించి, బోనసు గురించి మాట్లాడే ఈ వేదిక మీద ఈరోజు మన పిల్లల గురించి మాట్లాడమన్నారు. ఇదీ సంఘం పనే. స్టేషన్‌లో కూర్చోబెట్టిన కుర్రవాడి కోసం షిఫ్టు వదులుకొని పరుగెత్తేది కార్మికుడే. వకీలు ఫీజు కోసం చెవి కమ్మలు తాకట్టు పెట్టేది అతని ఇల్లాలే.

మొదట మన ఊరి సంగతి. కేజీఎఫ్‌లో జాన్ టేలర్ కంపెనీ 1880లో పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తాత, తండ్రి దిగిన గనిలో కొడుక్కి పని లేకుండాపోయింది. తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరే బతుకు ఎందరికో తప్పలేదు. ఆ రైలు కూడా అందనివాళ్ళలో కొందరి చూపు మూసేసిన గనుల మీద పడింది. 2020 మే నెలలో మారికుప్పంలో మూతపడ్డ గనిలోకి దొంగతనానికి దిగినవారిలో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ‘దొంగతనానికి పోయారు, అనుభవించారు’ అని చేతులు దులుపుకోవడం సులభం. మన కుర్రవాళ్ళు రేపు అదే దారి పట్టకుండా మనం ఏం చేశామన్నది కష్టమైన ప్రశ్న.

రెండో సంగతి కూడా మన జిల్లాదే. 2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ ఫోన్ల ఫ్యాక్టరీలో గొడవ జరిగింది. జీతాలు సరిగా రావడం లేదన్నది కార్మికుల ఫిర్యాదు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద చేరిన కుర్రవాళ్ళు. అద్దాలు పగిలాయి, వాహనాలకు నిప్పంటుకుంది, వందమందికి పైగా అరెస్టయ్యారు. వారం తిరిగేసరికి, కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని కంపెనీయే ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. ఇండియా వ్యాపారం చూసే వైస్ ప్రెసిడెంటును తొలగించింది. కొన్ని నెలల్లో ఉత్పత్తి మళ్ళీ మొదలైంది. కంపెనీకి క్షమాపణతో సరిపోయింది. కుర్రవాళ్ళు మాత్రం కేసులు మోయవలసి వచ్చింది.

విధ్వంసాన్ని నేను సమర్థించడం లేదు. కాని ఒక్కటి గమనించండి. జీతం లెక్కలో తేడా పట్టుకున్నవాడికి లెక్క తెలుసు. పక్కవాడి కూలి కోసం కూడా నిలబడినవాడికి ఐకమత్యం తెలుసు. వాళ్ళకు తెలియనిది, అడిగే పద్ధతి. అది నేర్పవలసిన పెద్దలు, అంటే మనం, వాళ్ళ పక్కన లేము.

మిల్లులో పనిచేసినవారికి నేను చెప్పనక్కర్లేదు. రాయిని చూస్తే రాయిలాగే ఉంటుంది. కేజీఎఫ్ చివరి ఏళ్ళలో టన్ను రాయిని దంచితే వచ్చే బంగారం కొద్ది గ్రాములే. అందులో ఎంత ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పేవారు కాదు. మచ్చు తీసి, పరీక్షించి చెప్పేవారు. రాయికి ఇచ్చిన ఆ పాటి అవకాశం మన పిల్లలకు ఇస్తున్నామా?

పరీక్షించడం ఎలాగంటారు. ఒక కుర్రవాడు రాత్రిపూట కేబుల్ కోసి అమ్ముతూ పట్టుబడ్డాడనుకోండి. ‘ఎందుకు చేశావురా?’ అంటే తల వంచుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు రాదు. ‘ఎలా చేశావు?’ అని అడగండి. ఏది రాగి, ఏది అల్యూమినియం అన్నది వాడికి తెలుసు. ఏ తీగలో కరెంటు ఉందో తెలుసు. చీకట్లో స్తంభం ఎక్కగలడు. ఇవన్నీ ఎలక్ట్రీషియన్‌కు కావలసినవే. తోటివాడి పేరు చెప్పకుండా దెబ్బలు తిన్నాడంటే వాడికి స్నేహం విలువ తెలుసు. అది పెట్టవలసిన చోట పెట్టలేదంతే. తెచ్చిన డబ్బులో సగం చెల్లెలి పరీక్ష ఫీజుకు కట్టాడంటే ఇంటి బరువు తెలుసు.

ఇంకా అడగండి. ఏ పని చేస్తుంటే ఆకలి కూడా మరిచిపోతావు? ఇంట్లో ఎవరు నీ మాట వింటారు? ఏ తరగతిలో, ఏ మాస్టారి దగ్గర బాగా చదివావు? ఇంతకుముందు ఒకసారి ఇలాంటి పనికి రమ్మంటే పోకుండా ఆగావా, ఎలా ఆగగలిగావు? ఈ చివరి ప్రశ్న మరవకండి. ఒకసారి ఆగినవాడికి మళ్ళీ ఆగే శక్తి ఉంటుంది. అది తనలో ఉందని వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

అలాగని ఉత్త పొగడ్తలు వద్దు. పిల్లలు వాటిని ఇట్టే పసిగడతారు. చేసిన నష్టం వాడు ఒప్పుకోవాలి, చేతనైనంత తీర్చాలి. మంచి గుణం కనబడ్డాక దానికి తగిన పని అప్పగించాలి, వేళకు వచ్చాడా లేదా చూడాలి. నలుగురు నమ్మి పని అప్పగిస్తేనే తనకు బలం ఉందన్న సంగతి వాడికి తెలిసివస్తుంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. ప్రొబేషన్ ఆఫీసరు రెండు వారాల్లోగా పిల్లవాడి ఇల్లు, చదువు, పరిస్థితులు విచారించి నివేదిక ఇవ్వాలి. పిల్లవాడి బాగు కోసం కుటుంబాన్ని, చుట్టుపక్కల సమాజాన్ని కలుపుకోవాలన్నది ఆ చట్టం సూత్రాల్లో ఒకటి. 18 దాటి 21 లోపు ఉన్నవారి విషయంలో 1958 ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, జైలుకు పంపడం తప్పదనుకున్న కోర్టు అందుకు కారణాలు రాయాలి.

కాబట్టి ఆ నివేదికలో ఏం పడుతుందన్నది పిల్లవాడి భవిష్యత్తుకు ముఖ్యం. ఆఫీసరు వచ్చినప్పుడు లైన్లో వాళ్ళంతా తలుపులు వేసుకుంటే, కాగితం మీద మిగిలేది పోలీసు కథ ఒక్కటే. ‘వీడు మా ఎదుటే పెరిగాడు, మోటారు విప్పి బిగించగలడు, మా మిస్త్రీ వీణ్ణి వెంట పెట్టుకుంటానంటున్నాడు’ అని ముగ్గురు పెద్దలు వచ్చి చెబితే, బోర్డు ముందు ఇంకో దారి ఉంటుంది.

ఒక పాత సంగతి చెప్పి ముగిస్తాను. 1930లో కేజీఎఫ్ కార్మికుల వేలిముద్రలు తీసుకొని నమోదు చేసే పద్ధతి పెట్టబోతే, మన పెద్దలు గనులు వదిలి సమ్మెకు దిగారు. ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళను నేరస్థుల్లా చూడటాన్ని వాళ్ళు సహించలేదు. అలాంటి పెద్దల మనుమలం మనం. ఇప్పుడు మన లైన్లో పిల్లవాడి నొసటన మనమే ‘దొంగ’ అని రాస్తే వాళ్ళకు ఏం జవాబు చెబుతాం?

సంఘానికి నా సూచనలు మూడు. ఒకటి: ప్రతి శాఖలో ఇద్దరు పెద్దలు, ఒక మహిళ ఈ బాధ్యత తీసుకోవాలి, స్టేషన్‌కూ బోర్డుకూ తల్లిదండ్రుల వెంట వెళ్ళాలి. రెండు: అనుభవం ఉన్న ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, టైలరు ఒక్కొక్కరు ఒక కుర్రవాణ్ణి ఏడాదిపాటు దగ్గర పెట్టుకొని పని నేర్పాలి. మూడు: కేసులో ఉన్న పిల్లల పేర్లు బయట పెట్టడం చట్టరీత్యా నేరం. టీ కొట్టు దగ్గరైనా, మన బులెటిన్‌లోనైనా ఆ పేర్లు రాకూడదు.

ఈ మూడింటినీ తీర్మానంగా ఆమోదించాలని సభను కోరుతున్నాను. దీనికి నిధులు అక్కర్లేదు. ఆదివారం ఒక గంట, ఓపిగ్గా వినే చెవి ఉంటే చాలు. సెలవు.