మీదింటివారు, కిందింటివారు: ఒక స్ఫటికం కథ
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



కవితలు చదవవలసిన ఉగాది సభలో స్ఫటికాల గొడవేమిటని కొందరికి తోచవచ్చు. కారణమున్నది. మన హోసూరు, కృష్ణగిరి పిల్లలు కొందరు బెంగుళూరు పోయి పదార్థవిజ్ఞానం చదువుకుంటున్నారు. "మావాడు ఎప్పుడు చూచినా వెనేడియం అంటాడు. అదేమిటండీ? అన్నం పెడుతుందా?" అని ఒక తల్లి మమ్ము అడిగినది. తెలుగులో చెప్పలేకపోతే మాకే తెలియదన్నమాట. నేడు ఆ పరీక్షకు కూర్చున్నాము.

ఏటి ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లని రేణువులు అంటుకొని వస్తవి. చిన్నతనంలో అందరం ఆడిన ఆటే. ఆ రేణువులో ఇనుప పరమాణువు ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. ఎలక్ట్రానుకు స్పిన్ అనే గుణం ఉండడమే దీనికి మూలం. "ఆత్మభ్రమణం" అని తెనిగించి చూచాము గాని, ఎలక్ట్రాను నిజంగా బొంగరంలాగ తిరగదు. కనుక స్పిన్ అనే ఉంచుదాము.

యిట్రియం, వెనేడియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికంలో, ప్రతి వెనేడియం పరమాణువు వద్దా మన కథకు కావలసిన ఎలక్ట్రానులు రెండున్నవి. ఒకటి అడ్డంగా పరచుకొన్న కక్ష్యలో స్థిరంగా కాపురముంటుంది. రెండవదానికి నిలువు కక్ష్యలు రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకొనే వీలున్నది. కక్ష్య అంటే ఇక్కడ దారి కాదు, ఎలక్ట్రాను మబ్బుకున్న ఆకారం. మీదింటివారూ కిందింటివారూ ఒకే కక్ష్య ఎంచుకొంటే వారి స్పిన్నులు ఎదురుబొదురు. వేరువేరైతే స్పిన్నులు ఒకే వైపు. (ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొనేవారికే గదా తగవు!) పక్కింటివారి స్పిన్ మాత్రం ఎప్పుడూ ఎదురే.

స్ఫటికాన్ని చల్లబరుస్తూ పోతే, సున్నాకు దిగువ సుమారు 73 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ముందు కక్ష్యలు వరుస కడతవి. మీదా కిందా వేరువేరుగా. సుమారు 157 డిగ్రీల దిగువన స్పిన్నులు వరుసకు వస్తవి. 196 డిగ్రీల దిగువన, అనగా ద్రవ నైట్రోజను మరిగేచోట, రెండు ఏర్పాట్లూ ఒక్కసారి తలకిందులవుతవి. మీదా కిందా కక్ష్యలు ఒకటై, స్పిన్నులు ఎదురెదురవుతవి.

ఎదురెదురు స్పిన్నులు కొద్దిగా వాలి ఉండడంచేత కొంచెం అయస్కాంతత్వం మిగులుతుంది. వింత అక్కడున్నది. నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ 1998లో ప్రకటించినదేమంటే, చలి పెంచుతూ పోతే ఆ మిగులు అయస్కాంతత్వం దిక్కు మార్చుకొంటుంది: సుమారు 178 డిగ్రీల దిగువన మెల్లగా ఒకసారి, 196 వద్ద చటుక్కున మరొకసారి. ఎవరూ తిప్పకుండానే ఉత్తరం దక్షిణమైనది.

యిట్రియం స్థానంలో లాంథనం వంటి విరళ మృత్తికా లోహాలను పెట్టవచ్చును. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైటులో లాంథనం ఉన్నది. పరమాణువు చిన్నదైతే వెనేడియం చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్ల గూళ్ళు మరింత వాలతవి. లాంథనం పెద్దది, అందులో స్పిన్నులే ముందు వరుస కట్టి, రెండు డిగ్రీలు దిగిన తరువాత కక్ష్యలు వాటిని అనుసరిస్తవి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తగవు లోహం మారితే మారుతుంది.

ఇట్టి లెక్కలకు పునాది వేసినవారిలో తెలుగువారున్నారు. 1957 నుంచి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగా ఉన్న సూరి భగవంతం గారు, పంతులు గారితో కలిసి, స్పిన్నులను కూడా లెక్కలోకి తీసుకొన్న స్ఫటిక సౌష్ఠవాన్ని గురించి 1964లో వ్రాశారు. పరమాణువులు ఎక్కడున్నవో చూస్తే చాలదు, వాటి స్పిన్ను ఎటున్నదో కూడ చూడాలి. అప్పుడుగాని ఏ స్ఫటికానికి ఏ గుణం సాధ్యమో తేలదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. అమ్మా, అంత చలిలో పనిచేసే వస్తువు హోసూరు బజారులో అమ్ముడుపోదు. జ్ఞాపకం దాచే పరికరాలకు ఇది పనికివస్తుందన్న ఆశ ఉన్నది, ఆశ మాత్రమే. మీవాడి జీతం ఆ స్ఫటికంలోనుంచి రాదు, దాన్ని పట్టి చూడ నేర్చిన చేతికి వస్తుంది. రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తే విసుక్కోకండి. ద్రవ నైట్రోజను మరిగిపోకముందే కొలతలు ముగించాలి.

పంచాంగం చదివేవారు ఎదురుచూస్తున్నారు. సెలవు.