కోత యంత్రము మారినప్పుడు



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యమో పురాణమో ప్రసంగ విషయము కావలసియుండగా కోత యంత్రమేల యని కొందఱికి తోచవచ్చును. కాని పుష్య మాఘ మాసములలో నల్లరేగడి గ్రామములందు ఎవరి నోట విన్నను ఆ యంత్రము మాటయే వినవచ్చును. నిరుడు వచ్చిన యంత్రము గింజను పగులగొట్టినదని ఒకరు, ఈ యేడు వేఱొక కంపెనీ యంత్రమును పిలిపించినను చేనిలోనే సగము రాలినదని మఱియొకరు చెప్పుకొనుచుందురు. తప్పు కంపెనీదా, దానిని అమర్చిన చేతిదా యను ప్రశ్న రైతు ఇంటి ధాన్యమునకు సంబంధించినది. కావున గ్రంథాలయమునకును సంబంధించినదే.

అనంతపురము ప్రాంతమున సాలునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు రాదు. ఎఱ్ఱనేలలలో వేరుశనగ ప్రధానమైన పంట. కాయ భూమిలో నుండుటచే అచ్చట ఈ యంత్రమునకు పని లేదు. ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి వైపు నల్లనేలలలో అక్టోబరు నవంబరు మాసములందు నేలలో మిగిలిన పదునును నమ్ముకొని పప్పుశనగ విత్తుదురు. జనవరి ఫిబ్రవరి నాటికి అది కోతకు వచ్చును. ఈ సీమలో వట్టి శనగ యన్నచో వేరుశనగ యని పొరబడుదురు గనుక పప్పుశనగ యనుటయే మేలు.

దీనిని చేతితో పెఱుకుట మిక్కిలి కష్టమైన పని. మొక్కపై నుండు పులుసు చేతులను మండించును. కూలి స్త్రీలు గుడ్డపేలికలు చుట్టుకొని తెల్లవారక మునుపే చేనిలో దిగుదురు. పిదప కళ్లమునకు చేర్చుట, తొక్కించుట, గాలి కొఱకు వేచియుండి తూర్పార బట్టుట. యంత్రము వచ్చి ఈ పనులన్నియు ఒక్క పూటలో ముగించుచున్నది. ఆ స్త్రీల చేతులకు మంట తప్పినది, కాని దానితోపాటు కూలియు తప్పినది. ఈ రెండవ మాటను దాచిపెట్టి యంత్రమును పొగడుట న్యాయము కాదు.

కోతను నూర్పిడిని ఒక్క బండిలో కూర్చు యంత్రమునకు అమెరికాలో హైరమ్ మూర్ 1836లో హక్కుపత్రము పొందెను. భారతదేశమున రాజస్థానములోని సూరత్‌గఢ్ కేంద్ర ప్రభుత్వ క్షేత్రము 1956లో సోవియట్ యంత్రములతో ఆరంభమైనది. 1980లో పంజాబు ట్రాక్టర్స్ వారు స్వరాజ్ 8100ను విపణికి తెచ్చిరి. తరువాత పంజాబులోని కర్తార్, ప్రీత్ మొదలగు కంపెనీల యంత్రములును, జర్మనీ సంస్థయైన క్లాస్ వారి క్రాప్ టైగరును, జపాను సంస్థయైన కుబోటా వారి గొలుసుచక్రముల బండ్లును దక్షిణమునకు వచ్చినవి. వీనిలో అధికభాగము గోధుమనో వరినో మనస్సులో నుంచుకొని నిర్మింపబడినవి. పప్పుశనగ చేనికి అవి చుట్టపుచూపుగా వచ్చునవే.

పంటవైపు నుండియు చిక్కు కలదు. 1999లో విడుదలయైన జె.జి. 11 రకము అన్నిగేరి స్థానమును ఆక్రమించి రైతునకు మంచి దిగుబడి నిచ్చినది. కాని దాని మొక్క పొట్టిది, కొమ్మలు పరచుకొనును, క్రింది కాయలు నేలకు దగ్గఱగా నుండును. కత్తిపట్టీని దించినచో మట్టిబెడ్డలు, రాళ్లు లోనికి పోవును. ఎత్తినచో కాయలు మోడులపైననే మిగులును. ఈ బాధను గుర్తించి నంద్యాల పరిశోధనా స్థానము వారు నిటారుగా ఎదిగి, కాయలను పైకెత్తి కాయు ఎన్.బి.ఇ.జి. 47 అను రకమును రూపొందించిరి. యంత్రమును మార్చుటకు మునుపు విత్తనమును మార్చుట ఉచితమా యని ఆలోచింపవలసిన వారు చాలమంది కలరు.

ఇక కంపెనీ మార్పు. పాత యంత్రమున సిలిండరు నిమిషమునకు ఇన్ని చుట్లు తిరిగినప్పుడు గింజ చక్కగా వచ్చెనని డ్రైవరు జ్ఞాపకముంచుకొనును. కొత్త యంత్రముపై అదే అంకె పెట్టును. పొరపాటు ఇచ్చటనే పుట్టుచున్నది. కాయను కొట్టునది చుట్ల సంఖ్య కాదు, సిలిండరు అంచు వేగము. 60 సెంటీమీటర్ల వ్యాసము గల సిలిండరు 450 చుట్లు తిరిగినచో అంచు సెకనుకు సుమారు 14 మీటర్లు పోవును. 45 సెంటీమీటర్ల సిలిండరు అదే 450 చుట్లకు పదిన్నర మీటర్లే పోవును. దానిని 14 మీటర్లకు తేవలెనన్నచో 600 చుట్లు కావలయును. ఆ 600 అంకెను పెద్ద సిలిండరుపై పెట్టినచో వేగము 19 మీటర్లకు సమీపించును. బాగుగా ఎండిన పప్పుశనగ ఆ దెబ్బకు బద్దలగును. కావున యంత్రము మారినప్పుడు మొదట అడుగవలసినది సిలిండరు వ్యాసమెంత యని. తెలిసినవారు లేనిచో టేపుతో కొలిచి చూచుటకు ఐదు నిమిషములు చాలును.

సిలిండరు రూపమును వేఱువేఱుగా నుండును. పంజాబు పెద్దబండ్లలో అది అడ్డముగా నుండి కాయను ఒక్క ఊపున నూర్చును. పిదప గడ్డిని విదిలించు పలకలు మిగిలిన గింజను రాల్చును. క్రాప్ టైగరులో అడ్డపు సిలిండరు తరువాత పొడవుపాటి రోటరు కలదు. పంట దాని చుట్టు తిరుగుచు మెల్లగా విడివడును. ఇట్టి భేదము గల యంత్రముల మధ్య ఒకదాని లెక్క మఱియొకదానికి పనికిరాదు. శనగను విస్తారముగా యంత్రముతో కోయు ఆస్ట్రేలియాలో మామూలు సిలిండరునకు 400 నుండి 600 చుట్లు, సిలిండరునకును దాని క్రింది జల్లికిని నడుమ 10 నుండి 30 మిల్లీమీటర్ల సందు అని సూచింతురు. ఇవి మొదలుపెట్టుటకే. తక్కువ వేగము, ఎక్కువ సందుతో ఆరంభించి, నూరని కాయ కనబడుకొలది కొంచెము కొంచెముగా బిగించుకొనుచు రావలయును. ఒక్కొక్క పర్యాయము ఒక్క మరనే త్రిప్పవలయును. రెండు మూడు కలిపి మార్చినచో దేనివలన గుణము కలిగినదో తెలియదు.

నష్టమును కొలుచుటకు యంత్రములోని గడియారములు అక్కఱలేదు. కోయుచున్న బండిని ఆపి, దాని పొడవంత వెనుకకు నడిపించి దిగి చూడవలయును. ఇంకను కోయని చేనిలో ఒక చదరపు మీటరు నేలపై నున్నవి తమంతట తాము రాలిన గింజలు. కోసినను బండి వెనుకభాగము దాటని చోట నున్నవాటిలో ఆ లెక్క తీసివేయగా మిగిలినది కత్తి, రీలు చేసిన నష్టము. బండి దాటిపోయిన చోట వీనికి అధికముగా కనబడునది నూర్పిడిలోను జల్లెడలలోను పోయినది. అయితే వెనుక పొట్టు పడు చాలులో మాత్రమే ఎంచినచో లెక్క పెరుగును. కోత వెడల్పంతటను నాలుగైదు చోట్ల ఎంచి సగటు కట్టవలయును. 100 గింజలు సుమారు 22 గ్రాములు తూగునట్టి రకమున చదరపు మీటరునకు 20 గింజలు కనబడినచో ఎకరమునకు 18 కిలోలు పోయినట్లు. ఎకరమునకు మూడు క్వింటాళ్లే పండిన కఱవు సంవత్సరమున అది నూటికి ఆరు వంతులు.

నష్టము కత్తి దగ్గఱ నున్నప్పుడు ఫ్యానును తగ్గించి ప్రయోజనము లేదు. రీలు బండి నడకకంటె మిక్కిలి వేగముగా తిరుగుచు ఎండుకాయను కొట్టుచున్నదేమో చూడవలయును. మధ్యాహ్నపు ఎండలో కాయ తాకినంతనే రాలును. మంచు ఆరని ఉదయమున నూర్పునకు లొంగదు. కావున ఉదయము కుదిర్చిన సందు మధ్యాహ్నమునకు సరిపడక పోవుట యంత్రదోషము కాదు. ఎండిన శనగ ధూళి వేడి పొగగొట్టముపై పేరుకొన్నచో నిప్పంటుకొనును. పూటకొకసారి దానిని దులిపి, నీటి పీపాయిని చేని గట్టుపై నుంచుకొనువారు బుద్ధిమంతులు.

విత్తనమునకై దాచుకొను గింజ విషయమున మఱింత జాగ్రత్త అవసరము. పైకి పగులని గింజకును లోపల దెబ్బ తగిలియుండవచ్చును. నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి మొలకలు ఎంచినచో యంత్రము కొట్టిన దెబ్బ బయటపడును. ఎన్ని మొలచినవో చూచిన తరువాతనే బస్తాకు విత్తనమని చీటి కట్టవలయును. మఱియొక ఊరినుండి వచ్చిన బండి తొట్టిలోను ఎలివేటరు అడుగునను ఆ ఊరి గింజలు, కలుపు విత్తులు మిగిలియుండును. చేనిలో దిగక పూర్వమే వానిని విప్పి ఊడ్పించుకొనవలెను.

ఈ సంగతులను నేర్చుకొనుటకు దూరము పోనక్కఱలేదు. 1983లో స్థాపితమైన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ అనంతపురమునకు సమీపముననే గార్లదిన్నెలో నున్నది. కేంద్ర ప్రభుత్వపు ఇట్టి పరీక్షా సంస్థలు ప్రకటించు నివేదికలలో సిలిండరు వ్యాసము, వేగముల హద్దులు, సందు కొలతలు కనబడును. యంత్రముతో వచ్చు పుస్తకము పెక్కుమార్లు ఇంగ్లీషులోనో హిందీలోనో యుండి బండి పెట్టెలో నూనె మరకలు పడుచుండును. అందలి కొలతల పుటలను రెండింటినైనను తెలుగున వ్రాయించి గ్రంథాలయపు బల్లపై పెట్టినచో, ఏ కంపెనీ బండి వచ్చినను చదువుకొన్న పిల్లవాడు టేపు పట్టుకొని చేనికి పోగలడు.

చివరకు బాడుగ బేరము. గంటకింత యని కుదిరినచో రైతు తొందరపెట్టును. ఎకరమునకింత యని కుదిరినచో డ్రైవరు తొందరపడును. రెండు విధములను సందు సరిచేయుటకు ఎవరికిని తీరిక యుండదు. బేరమాడునప్పుడే మొదటి అరగంట అమరికకును గింజలు ఎంచుటకును అని చెప్పుకొని, ఆ అరగంటకును బాడుగ కట్టుటకు రైతు ఒప్పుకొనుట మేలు. అప్పుడు డ్రైవరు ఇంజను ఆపి దిగును, ఇద్దఱును చేనిలో కూర్చుండి గింజలు ఎంచుదురు.