ఇంటి వాకిట కారు క్లచ్చి మార్చుట



నేడు పల్లెలయందును కారులు విరివిగా నున్నవి. వానిని నడపు యువకులు కొందరు మరమ్మతులను సైతము ఇంటి వాకిటనే చేసికొనుచున్నారు. అది మెచ్చదగిన యుత్సాహమే. కాని క్లచ్చి మార్చుట చక్రము మార్చుట వంటి పని కాదు. పనివాడు కుమారుడో మనుమడో యైనను, ఇంటికి పెద్దలు మీరు. పని మొదలిడక పూర్వము మీరడుగవలసిన ప్రశ్నలు మూడు గలవు. వానిని విన్నవించుటకే నేటి ప్రసంగము.

ముందుగా క్లచ్చి యన నేమో చూతము. ఇంజను తిరుగుచుండగనే దానికిని చక్రములకును గల సంబంధమును విడదీసి, మరల కలుపు సాధనమే క్లచ్చి. ఇంజనులోని క్రాంకు షాఫ్టు కొనకు ఫ్లైవీలు అను బరువైన ఇనుపచక్రము బిగింపబడి యుండును. దానికిని ప్రెషరు ప్లేటునకును నడుమ క్లచ్చి ప్లేటు, రెండరచేతుల నడుమ పట్టిన పళ్లెము వలె, నొక్కబడి యుండును. పెడలు త్రొక్కిన పట్టు సడలును, విడిచిన బిగియును. ఈ రాపిడిచే ప్లేటు క్రమముగా నరుగును. మిట్ట యెక్కునపుడు ఇంజను ఘోషించుచున్నను కారు సాగకున్నచో, కాలిన వాసన వచ్చుచున్నచో, ప్లేటు జారుచున్నదని యెరుగవలెను.

వెనుక చక్రములు లాగు అంబాసిడరు కారునందు ఇంజను నిలువుగా నుండి, గేరుపెట్టె దాని వెనుక నుండెడిది. 1983లో వెలువడిన మారుతి 800 మొదలుకొని మన చిన్నకారులలో పెక్కింటియందు ముందు చక్రములే లాగును. వీనిలో ఇంజను అడ్డముగను, గేరుపెట్టె దాని ప్రక్కనను ఉండును. చక్రములకు పోవు ఇరుసులు రెండును గేరుపెట్టె నుండియే బయలుదేరును. వానిని ఊడదీయనిదే గేరుపెట్టె దిగదు. దానిని మోయు ఆధారమును విప్పగనే ఇంజను ఆ వైపునకు ఒరగును.

కావున మొదటి ప్రశ్న: "నాయనా, కారు దేనిపై నిలుచును?" జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. గట్టినేలపై ఇనుప స్టాండ్లుండవలెను. వెనుక చక్రములకు ముందు వెనుకల అడ్డుదిమ్మలు వేయవలెను. ఇటుకలను నమ్మరాదు, అవి చెప్పకయే పగులును. ఇంజనునకు వేరుగా ఆధార మీయవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. గేరుపెట్టె దింపుటకు రెండవ మనిషి యుండవలెను.

రెండవ ప్రశ్న: "క్రొత్తవి ఏమేమి తెచ్చితివి?" శ్రమ యంతయు గేరుపెట్టెను దింపి యెక్కించుటయందే యున్నది. ప్లేటొక్కటి మార్చి తక్కిన వానిని విడుచుట పొదుపు కాదు. ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు కూడ మార్చవలెను. క్రాంకు షాఫ్టు వెనుకనుండు ఆయిలు సీలును పరీక్షింపవలెను. నే నెరిగిన యొక యింట సీలును చూడక బిగించిరి. నూనె కారి క్రొత్తప్లేటు తడిసి, పని యంతయు మరల చేయవలసివచ్చెను. ఫ్లైవీలు ముఖమున చీలికలున్నచో దానిని మార్చవలెను. నీలిమచ్చలు, లోతైన గాడులు కనబడినచో మార్చుటయో, తయారీదారుడు సెలవిచ్చిన మేరకు లేతుపై చదును చేయించుటయో తగును. లోపలి దుమ్మును ఊదరాదు. పాత ప్లేట్లయందు ఊపిరితిత్తులకు హానిచేయు ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, తడిగుడ్డతో తుడువవలెను.

మూడవ ప్రశ్న: "ఎట్లు బిగించెదవు?" ప్లేటు సరిగా నడుమ నుండునట్లు సాధనముతో నిలిపి, ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఫ్లైవీలు బోల్టులు పెక్కు కారులలో ఒక్కసారికే పనికివచ్చును. క్రొత్తవి వేసి, చెప్పిన కొలతకు టార్కు స్పానరుతో బిగింపవలెను. గేరుపెట్టె బరువును ప్లేటుపై వ్రేలాడనీయరాదు. అది చొరకున్నచో బోల్టులతో బలవంతముగా లాగరాదు. దింపి, ప్లేటు నడుమనున్నదో లేదో చూడవలెను. ఇరుసులు తీయునపుడు కారిపోయిన గేరు నూనెను మరల పోయుట మరువరాదు.

ఈ మూడింటికిని తడబాటు లేని యుత్తరము వచ్చినచో ఆశీర్వదించి పని చేయనిండు. మొదటి దానికే యుత్తరము రానిచో, పని నాపి తెలిసిన మెకానిక్కునకు కబురంపుడు. అందు లజ్జపడవలసిన దేమియు లేదు. కూలి మరల సంపాదింపవచ్చును. కారు క్రింద పడుకొన్నవాని ప్రాణమును సంపాదింపలేము.