పగులని పొయ్యి - పొగలేని వంటయిల్లు

(కంబదూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వానలు తప్పిన యేట చెరువు నేల నెర్రెలు విచ్చుట మీరందరును చూచినదే. తడిమన్ను ఆరునపుడు కుంచించుకొనును. పైపొర ముందుగా ఆరి కుంచించుకొనబోవును. తడియారని అడుగుపొర దాని నడ్డగించును. ఆ లాగుడునకు తాళలేక నేల చీలును. మన మట్టిపొయ్యిలకును ఇదియే ఆపద. పొయ్యి పగిలిన నేమి, మరల మెత్తుకొందుమని అనుకొనవచ్చును. కాని బీటవారిన పొయ్యినుండి పొగ గొట్టములోనికి పోక ఇంటిలోనికి వచ్చును. అది మన ఆడపడుచుల కన్నులకు, పసిబిడ్డల ఊపిరితిత్తులకు చేటు. ఇండ్లలోని పొగ మూలమున 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వెనుకటి ప్రయత్నములు

పొగగొట్టపు పొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున శ్రీ ఎస్. పి. రాజుగారు అట్టి పొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటయిండ్లను గురించి ఒక పుస్తకమును ప్రకటించిరి. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2002లో అది ముగియునాటికి మూడు కోట్లకు మించిన పొయ్యిలు వేయబడినవి. వానిలో అనేకము కొలదికాలముననే మూలబడినవి. బీటలను పూడ్చువారును, గొట్టమును శుభ్రపరచువారును లేకపోవుట అందుకొక ముఖ్యకారణము.

పొయ్యి ఏల పగులును?

మట్టిలో వేడి మెల్లగా ప్రాకును. మంట తగిలిన లోగోడ కాగి ఉబ్బుచుండగా వెలిగోడ చల్లగనే యుండును. లోగోడ ఉబ్బి వెలిగోడను సాగదీయును. మట్టి బరువును మోయగలదు గాని లాగుడును ఓర్వలేదు. పూటపూటకు కాగి చల్లారుటచే సన్నని బీట కొంచెము కొంచెముగా పెరుగును. కాగిన పొయ్యిపై చన్నీళ్లు పడినచో పైపొర ఒక్కుమ్మడిగా కుంచించుకొని చిట్లును.

మట్టిలో కలిపిన పొట్టు కాలిపోగా సన్నని రంధ్రములు మిగులును. ఇవి వేడిని బయటకు పోనీయవు. చిన్న బీటలను కొంతవరకు ఆపును. కాని రంధ్రములు పెద్దవైనను, మిక్కుటమైనను గోడ బలము తగ్గును. పెళుసు వస్తువు బలము దానిలోని పెద్ద లోపమునుబట్టి యుండునని ఇంగ్లండు దేశీయుడు గ్రిఫిత్ 1921లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. అధికమైన వేడియందు ఇంధనమునుండి విద్యుత్తును పుట్టించు ఇంధన ఘటములలో గూడ రంధ్రములుగల పింగాణి వంటి పలకలుండును. వానిని కాచి చల్లార్చునపుడు బీటలు రాకుండ చూచుట నేటి శాస్త్రజ్ఞులకును పెద్ద సమస్యయే.

చేయవలసిన పనులు

మొదటిది మట్టి పరీక్ష. ఉత్త నల్లరేగడి పనికిరాదు. చెరువుమన్ను, ఎర్రమన్ను, మెత్తగా నలిపిన పొట్టు వేరువేరు పాళ్లలో కలిపి, జానెడు పొడవు కడ్డీలు చేసి నీడన ఆరబెట్టవలెను. బీటలేక, తక్కువగా కుంచించుకొన్న పాలును ఎంచుకొనవలెను. పాతకుండల పెంకులను దంచి జల్లించిన పొడిని కలుపుట మేలు. ఒకసారి కాలిన మట్టి ఆరునపుడు మరల కుంచించుకొనదు. ఈ విషయమున మీ ఊరి కుమ్మరిని సంప్రదింపుడు.

రెండవది ఆరబెట్టుట. క్రొత్త పొయ్యిని తడిగోనెతో కప్పి నీడన మెల్లగా ఆరనీయవలెను. పిదప కొన్ని దినములు చిన్నమంట మాత్రమే పెట్టవలెను.

మూడవది బరువు. సంగటి కెలుకునపుడు కుండతోపాటు పొయ్యి అంచును కదలును. కనుక కుండ బరువు పలుచని అంచుపై పడక ఇటుకలపై నిలుచునట్లు కట్టవలెను. కాగిన ఇనుము మట్టికంటె ఎక్కువగా వ్యాకోచించును. ఇనుపగొట్టమును బిగించక, చుట్టును సందు విడిచి, బూడిద కలిపిన మన్నుతో వదులుగా పూడ్పవలెను.

నాలుగవది మరమ్మతు. బీటను కొంచెము వెడల్పు చేసి, తడిపి, మొదట వాడిన మట్టినే కూరవలెను. సిమెంటు మట్టితో సమముగా సాగదు, అతుకు ఊడిపోవును.

పంచాయతీల బాధ్యత

1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసును పేదల యిండ్లకు చేర్చినవి. వంట గ్యాసుపై జరుగుటయే ఉత్తమము. ఐనను నీళ్లు కాచుటకు, బండకాలమున ఖర్చు తగ్గించుకొనుటకు కట్టెపొయ్యి వెలిగించు ఇండ్లింకను కలవు. ఆ యిండ్ల కొరకు పంచాయతీ రెండు పనులు చేయవలెనని మా మనవి. ఊరి కుమ్మరికో, తాపీపనివానికో మరమ్మతు పని నేర్పించి తగిన కూలి నిర్ణయింపవలెను. వేసిన పొయ్యిలనే లెక్కించుటతో ఆగక, ఏడాది గడచిన పిదప ఇల్లిల్లు తిరిగి, పొగ గొట్టముద్వారా పోవుచున్నవెన్నియో చూచి వ్రాసికొనవలెను. ఆ రెండవ లెక్కయే ముఖ్యము. దానిని మీరు చేయుదురని ఆశించుచున్నాము.