నల్లని రబ్బరంతా రక్షణ కాదు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా భూగర్భ కేబుళ్ళతోనే గడిపినవాణ్ణి. అందుచేత ఈ పూట కేబుల్లోని ఒక నల్లటి పొర గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

రబ్బరులో, ప్లాస్టిక్‌లో కరెంటు పారదని మనందరం నేర్చుకున్నదే. కాని వాటిలో తగినంత కార్బన్ బ్లాక్ కలిపితే కరెంటు పారుతుంది. కార్బన్ బ్లాక్ అంటే చాలీచాలని గాలిలో నూనెను మండించి పట్టిన మెత్తని మసి. మన అమ్మమ్మలు ఆముదపు దీపం మీద కాటుక పట్టిన పద్ధతే ఇది.

మసి కొద్దిగా కలిపితే గుణం మారదు. వాగులో దూరదూరంగా నాలుగు రాళ్ళు వేస్తే దాటలేము గదా! అంగకొక రాయి పడేసరికి అవతలి ఒడ్డుకు దారి దొరుకుతుంది. అలాగే మసి రేణువులు ఒకదాని పక్కకొకటి చేరేసరికి నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. కేబుల్ పొరల్లో బరువులో సుమారు 30 నుంచి 40 శాతం మసి కలుపుతారు. 1991 తర్వాత ప్రసిద్ధికెక్కిన కార్బన్ నానోట్యూబులైతే ఒక శాతం లోపే సరిపోవచ్చు. అవి వాగుకు అడ్డంగా వేసిన వెదురుబొంగుల్లాంటివి.

మీ ఇంటి టీవీ రిమోట్ మీట విప్పి చూడండి. రబ్బరు అడుగున చిన్న నల్లబిళ్ళ ఉంటుంది. అది తగిలితేనే సర్క్యూట్ కలుస్తుంది.

ఇక 11 కె.వి. ఎక్స్‌ఎల్‌పిఇ కేబుల్ సంగతి. కండక్టరు మీద ఒకటి, ఇన్సులేషన్ మీద ఒకటి, ఇలాంటి నల్లపొరలు రెండుంటాయి. మనవాళ్ళు సెమికాన్ అంటారు. ఇవి లేకపోతే సందుల్లోని గాలిలో సన్నని మెరుపులు పుట్టి ఇన్సులేషన్‌ను చెదలా తినేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సెమికాన్ నిరోధకత లోపలి పొరకు 1000, బయటి పొరకు 500 ఓమ్ మీటర్లు మించరాదు. పక్కనే ఉన్న ఇన్సులేషన్‌ది దానికి వేల కోట్ల రెట్లు. చేతికి మాత్రం రెండూ ప్లాస్టిక్‌లాగే తగులుతాయి.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. కాగితం కేబుళ్ళ రోజుల్లో కాంపౌండ్ కాచి పోసిన జాయింటర్లు ఈ సభలో ఉన్నారు. ఇప్పుడా పని చాలాచోట్ల కాంట్రాక్టు కుర్రాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళు మన ఇళ్ళ పిల్లలే. వాళ్ళకు మూడు మాటలు చెప్పండి.

ఒకటి: జాయింటులో బయటి సెమికాన్‌ను కొలత ప్రకారం పూర్తిగా తీయాలి. కత్తి మాత్రం ఇన్సులేషన్‌లో దిగకూడదు. రెండు: తుడిచేటప్పుడు ఇన్సులేషన్ వైపునుంచి సెమికాన్ వైపుకే తుడవాలి. వెనక్కి తుడిస్తే మసి ఇన్సులేషన్ మీదికి చేరి కరెంటుకు బాట వేస్తుంది. ఆ జాయింటు ఎప్పుడో ఒకనాడు పేలుతుంది. మూడు: నల్లగా, రబ్బరులా ఉంది గదా అని సెమికాన్‌ను నమ్మి ముట్టుకోరాదు. సప్లై ఆపి, పరీక్షించి, ఎర్త్ చేసిన తర్వాతనే చెయ్యి వెయ్యాలి.

ఇళ్ళల్లోవారికి కూడా ఒక మాట. ఎలక్ట్రానిక్స్ పనివారు బల్లమీద పరిచే నల్లని మ్యాట్లలో కొన్ని స్థిరవిద్యుత్తును ఎర్త్‌కు పంపడానికి చేసినవి. వాటిని తెచ్చి స్విచ్‌బోర్డు ముందు వేసుకుంటే రక్షణ లేదు. అక్కడికి ఐ.ఎస్. 15652 ముద్ర ఉన్న ఇన్సులేటింగ్ మ్యాటే కావాలి.

నెలకొక ఆదివారం మన సంఘం గదిలో ఒక కేబుల్ ముక్క పెట్టుకుని ఈ కుర్రాళ్ళను పిలుద్దామని నా ప్రతిపాదన. పెన్షను మనకు ప్రతినెలా వస్తుంది; చేతిలోని పని మాత్రం మనతోనే పోతుంది. పోకముందే ఇచ్చివెళ్దాం.