పిల్లల చేతికి స్త్రీల చరిత్ర
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. ముప్ఫై ఏళ్లు సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని. నాలుగు మాటలతో ఆపడం నాకు చేతకాదు. అంచేత ఒక్క సంగతే ఎంచుకున్నాను. స్త్రీల చరిత్ర చెప్పే పుస్తకాలను మన పిల్లలకు ఎలా అలవాటు చేయాలి? ఎందుకు చేయాలి?

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందటి మాట. నేను ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. మాట తక్కువ, చూపు చురుకు. ఒకరోజు పాఠం వినకుండా పుస్తకం తిరగేస్తూ నోటుబుక్కు చివరి పేజీలో గీతలు గీస్తోంది. ఏమిటని అడిగితే లేచి నిలబడింది. "బొమ్మలు లెక్కపెడుతున్నాను టీచర్. మగవాళ్లకొక గీత, ఆడవాళ్లకొక గీత. అప్పట్లో ఆడవాళ్లు లేరా టీచర్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "సిలబస్‌లో లేరమ్మా, కూర్చో" అని పాఠంలోకి వెళ్లిపోయాను.

మరుసటి ఏడాది ఆ పిల్ల బడికి రాలేదు. ఇంట్లో ఇబ్బందులు, తమ్ముళ్ల చదువు, ఇంకా ఏవో కారణాలు. నా జవాబు వల్లనే మానేసిందని అనను. కాని ఆ రోజు నేను ఆ పిల్లకు చెప్పిందేమిటి? ఈ దారిన నీకు ముందు ఎవరూ నడవలేదని చెప్పాను. అది అబద్ధం. చరిత్ర టీచరునై ఉండీ అబద్ధం చెప్పాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

పిల్లలూ, చరిత్ర ఎక్కడో ఢిల్లీలో ఉందనుకోకండి. మన అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు వెళ్లండి. ఒక లైను ఎక్కితే పక్క స్టేషన్ బేగంపేట. నిజాం కూతురు బషీరున్నిసా బేగంకు పెళ్లి కానుకగా ఇచ్చిన ప్రాంతం కనుక ఆ పేరు వచ్చిందంటారు. రెండో లైను ఎక్కి పంజగుట్ట, ఎర్రమంజిల్ దాటితే ఖైరతాబాద్. కుతుబ్ షాహీ రాకుమారి ఖైరున్నిసా బేగం పేరు మీద వెలిసిన చోటు. ఆమె కట్టించిన మసీదు నేటికీ అక్కడ ఉంది. కాస్త ముందుకు పోతే మాసబ్ ట్యాంక్. ఆ పేరు 'మా సాహెబా' తలాబ్ నుంచి వచ్చింది. మనం రోజూ స్త్రీల పేర్ల మీదుగానే ప్రయాణం చేస్తున్నాం. టిక్కెట్టు కొంటున్నాం గాని ఆ పేరెవరిదని అడగడం లేదు.

మా సాహెబా అని జనం పిలుచుకున్న హయాత్ బక్షీ బేగం సంగతి కొంచెం చెబుతాను. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. సుల్తాన్ మహమ్మద్ భార్య. 1626లో భర్త పోయేనాటికి కొడుకు అబ్దుల్లాకు పన్నెండేళ్లు. ఆ పసివాణ్ని గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యవ్యవహారాలు చూసింది. 1656లో ఔరంగజేబు సేన గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలకు కదిలివెళ్లింది ఈ తల్లే. హయాత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. 1667లో కన్నుమూసింది. కుతుబ్ షాహీ సమాధుల మధ్య ఆమె సమాధి రాజుల సమాధులకు తీసిపోకుండా నిలబడి ఉంది. పిల్లల్ని అక్కడికి విహారయాత్రకు తీసుకెళతాం. పులిహోర తింటాం, ఫోటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఈసారి ఆ సమాధి దగ్గర ఐదు నిమిషాలు ఆగి ఈ కథ చెప్పండి.

రాణుల కథలు చెబితే సరిపోతుందా అంటే సరిపోదు. మన ఇళ్లలో రాణులు లేరు. మన పిల్లలకు కావలసింది చదువు కోసం కష్టపడిన మామూలు ఆడవాళ్ల కథలు. అలాంటివి ముగ్గురివి చెబుతాను.

మొదటి ఆమె బెంగాలులో రససుందరీ దేవి. పెద్ద సంసారం, పొద్దస్తమానం వంటింటి చాకిరీ. ఆడది అక్షరం ముడితే అరిష్టమనే రోజులు. వంటింట్లో దాచుకుని, ఎవరి కంటా పడకుండా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఆ తరవాత తన జీవితకథ తానే రాసుకుంది. 1876లో అచ్చయింది.

రెండో ఆమె అష్రఫున్నిసా బేగం. ఉత్తరాదిన బిజ్నౌర్ ప్రాంతం ఆమెది. ఆ రోజుల్లో మంచి కుటుంబాల్లో కూడా ఆడపిల్లలకు చదవడం నేర్పేవారు గాని రాయడం నేర్పేవారు కాదు. రాయడం వస్తే ఉత్తరాలు రాస్తుందని భయం! ఆమె పెనం అడుగు మసి నీళ్లలో కలిపి సిరా చేసుకుంది. చీపురు పుల్లను కలం చేసుకుంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక దొంగతనంగా రాత నేర్చుకుంది. ఆ పిల్ల పెద్దదై లాహోరులో ఆడపిల్లల బడిలో ఉపాధ్యాయురాలైంది. 1903లో చనిపోయింది.

మూడో ఆమె మన తెలుగింటి ఆడపడుచు భండారు అచ్చమాంబ. 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పుట్టింది. పదేళ్లకే పెళ్లి. బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, పక్కన కూర్చుని తానూ చదువుకుంది. కన్న బిడ్డలు ఇద్దరూ చనిపోయారు. ఆ దుఃఖంలో కూడా పుస్తకం వదలలేదు. ఆడవాళ్లకు బుద్ధిబలం తక్కువ, చదువు అబ్బదు అనేవారికి జవాబుగా దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలన్నీ వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1901లో వెలువడింది. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ పూనుకుని రాసిన పుస్తకం అది. పురాణ స్త్రీల గురించి, విదేశాల స్త్రీల గురించి కూడా రాయాలని సంకల్పించింది. కాని 1905లో ప్లేగు ఆమెను తీసుకుపోయింది. ముప్ఫై ఒక్కేళ్లు నిండలేదు.

బెంగాలీ, ఉర్దూ, తెలుగు. మూడు భాషలు, రెండు మతాలు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా ముగ్గురిదీ ఒకటే కష్టం. ఈ ముగ్గురి కథలూ పక్కపక్కన పెట్టి చదివితే, "ఇది మా ఇంటి ఆచారం, మీ ఇంటి ఆచారం" అనే గోడలు వాటంతట అవే సన్నబడతాయి. నా అనుభవంలో పిల్లలకు బాగా పట్టేవి కూడా ఇవే. పెనం మసి కథ చెప్పిన రోజు క్లాసులో ఒక్క పిల్ల కదల్లేదు.

మన ఊరి సంగతికి వస్తే, సుగ్రా హుమాయూన్ మీర్జా పేరు ఎంతమంది విన్నారు? 1884లో పుట్టారు. ఉర్దూలో నవలలు, యాత్రాకథనాలు రాశారు, 'అన్నిసా' అనే స్త్రీల పత్రిక నడిపారు. 1934లో హుమాయూన్‌నగర్‌లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. మనకు ఇక్కడి నుంచి ఎంత దూరమని? అలాగే మాసూమా బేగం. శాసనసభకు ఎన్నికై, 1960లో సంజీవయ్యగారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1974లో పద్మశ్రీ అందుకున్నారు. మంత్రిపదవి చేపట్టిన తొలి ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. మన అమ్మాయిలు పోటీ పరీక్షలకు ఎన్నో దేశాల రాజధానులు కంఠతా పడుతున్నారు. ఈ రెండు పేర్లు మాత్రం తెలియవు.

ఇక పుస్తకాలు. అమీర్‌పేటలో పుస్తకాలకు కరువా అంటారు మీరు. మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా పుస్తకాలే, జిరాక్సు మెటీరియలే. ఆ చదువును నేను కాదనను, అది అన్నం పెడుతుంది. కాని అది ఉద్యోగం ఎలా సంపాదించాలో చెబుతుంది గాని, నువ్వెవరి మనవరాలివో చెప్పదు. దానికి వేరే పుస్తకాలు కావాలి.

నా అనుభవం మీద ఒక వరస చెబుతాను. ఎనిమిదేళ్ల పిల్లకు పుస్తకం ఇవ్వకండి, కథ చెప్పండి. పెనం మసి కథ, హయాత్ బక్షీ కథ. ఆ తరవాత ఆ కథ ఉన్న పుస్తకం చూపించండి. పన్నెండేళ్లు వచ్చేసరికి వాళ్ల ఈడు పిల్లలు రాసింది ఇవ్వండి. ఆన్ ఫ్రాంక్ డైరీ ఉంది. మలాలా కథ ఉంది. 2014లో నోబెల్ శాంతి బహుమతి అందుకునేనాటికి ఆ పిల్లకు పదిహేడేళ్లే. రొకయా సఖావత్ హుస్సేన్ 1905లో ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కూడా ఈ వయసుకే బాగుంటుంది. అందులో మగవాళ్లు ఇంటి పట్టున ఉంటారు, ఆడవాళ్లు దేశాన్ని నడుపుతారు! పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వాక ఆలోచిస్తారు. రాసినావిడ ఊరికే కల కని కూర్చోలేదు, 1911లో కలకత్తాలో ఆడపిల్లల బడి పెట్టి చూపించింది.

పదిహేను, పదహారేళ్ల వాళ్లకు 'మనకు తెలియని మన చరిత్ర' ఇవ్వండి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన పుస్తకం. తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలను వాళ్ల నోటి నుంచే విని రాసుకున్నారు. మన హైదరాబాదు జమాలున్నిసా బాజీ మాటలు కూడా అందులో ఉన్నాయి. సయ్యద్ నశీర్ అహమ్మద్‌గారి 'భారత స్వాతంత్ర్యోద్యమం: ముస్లిం మహిళలు' తెలుగులోనే ఉంది. బేగం హజ్రత్ మహల్, అలీ సోదరుల తల్లి బీ అమ్మ మొదలైనవారి కథలు అందులో చదవవచ్చు.

ఎలా చదివించాలన్నది కూడా ముఖ్యమే. ప్రతి పుస్తకానికీ మూడు ప్రశ్నలు వేయించండి. ఈ కథ ఎవరు చెబుతున్నారు? వాళ్లకు ఎలా తెలిసింది? ఇందులో లేనిదెవరు? సావిత్రీబాయి ఫూలే పేరుతో పాటు ఫాతిమా షేక్ పేరు వింటుంటాం. 1856లో సావిత్రీబాయి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా అనే పేరు కనిపిస్తుంది. ఆధారాలు అతి తక్కువ కనుక ఆమె గురించి వాదాలు నడుస్తున్నాయి. పిల్లల దగ్గర ఇది దాచకండి. అభిమానం కొద్దీ లేనిది కలిపి చెప్పవద్దు, ఆధారం చిన్నదని ఉన్నదాన్ని పారేయవద్దు. ఒక స్త్రీ బతుకు ఒక ఉత్తరంలో ఒక పేరుగా మిగలడమే చరిత్ర పాఠం. ఆ ఉత్తరం చిరిగిపోయి ఉంటే ఆ పేరూ ఉండేది కాదు.

ఇవన్నీ చదివితే ఆడపిల్లలు ఎదురు మాట్లాడతారని కొందరు పెద్దల భయం. మాట్లాడతారు, కాదనను. నా క్లాసులో ఆ పిల్ల కూడా ఎదురే మాట్లాడింది. అడిగిన పిల్లకు జవాబు దొరికితే ఆమె మన దగ్గరే కూర్చుంటుంది. నవ్వులపాలు చేస్తే లేచి వెళ్లిపోతుంది. మరొక మాట: ఈ పుస్తకాలు మగపిల్లలకూ ఇవ్వండి. అచ్చమాంబ చదువు వెనక ఒక తమ్ముడున్నాడు. అలాంటి తమ్ముళ్లు తయారుకావాలంటే వాళ్లకీ ఈ కథలు తెలియాలి.

చివరగా సంఘానికి మూడు మనవులు. మొదటిది, ఈ హాల్లో ఒక్క బీరువా. తాళం వేయని బీరువా. ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరిగితే తక్కువ డబ్బుకే చాలా పుస్తకాలు దొరుకుతాయి. నా దగ్గరున్నవి నేనిస్తాను. రెండోది, ఆదివారం ఒక గంట. చదివి వినిపించడానికి నేను వస్తాను, మోకాళ్లు సహకరించినన్నాళ్లూ. మూడోది, ప్రతి ఏటా ఈ సావనీరులో ఒక్క పేజీ మన పిల్లలకు వదలండి. వాళ్లు తమ నానీనో, దాదీనో, అమ్మమ్మనో కూర్చోబెట్టుకుని అడిగి రాసిన జీవితకథ అందులో వేయండి. ఏ ఊళ్లో పుట్టారు, ఏం చదివారు, ఎందుకు మానేశారు, ఏ పని చేసి పిల్లల్ని పెంచారు. అవి ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. వాళ్లు పోతే వాళ్లతోనే పోతాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆమెకూ పిల్లలు ఉండి ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఎప్పుడైనా ఈ హాలుకు వచ్చి "అప్పట్లో ఆడవాళ్లు లేరా?" అని అడిగితే, ఈసారి ఎవరూ నవ్వకూడదు. లేచి వెళ్లి బీరువా తలుపు తీసి చూపించాలి.