ఊడ్పుల వేళ పసిబిడ్డను ఎవరు చూస్తారు?
(పెనుగొండలో రైతులు, కౌలురైతులు, వ్యవసాయ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం)



సార్వా ఊడ్పులకు మనుషులు దొరకడం లేదని ఏటా అనుకుంటున్నాం. ముఠా కుదిరినా ఒకరిద్దరు ఆ పొద్దున ఆగిపోతారు. అడిగితే, చంటిబిడ్డను చూసేవాళ్లు లేరంటారు. దీన్ని ఇంటి సంగతిగా వదిలేస్తున్నాం. ఇది వ్యవసాయం సంగతి, కూలి సంగతి.

ఆకుతీత, ఊడ్పు, కలుపు ఎక్కువగా ఆడవాళ్ల చేతిమీదే నడుస్తాయి. కౌలురైతు ఇంటి ఆడవాళ్లు సొంత చేలోనూ దిగుతారు, కూలికీ వెళ్తారు. బిడ్డను ముసలమ్మకు అప్పగిస్తారు. ఆమె లేకపోతే పెద్దపిల్లను బడి మానిపిస్తారు. అదీ కుదరకపోతే గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కడతారు. పక్కనే కాలువ, పాములు, పురుగుమందు డబ్బాలు. వంగి నాటుతున్నా తల్లి ప్రాణమంతా ఆ గట్టు మీదే.

ఈ అవసరం చట్టాలకు తెలియనిది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1976 సవరణతో, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట పిల్లల గది ఉండాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోటికి ఐదుగురు పసివాళ్లు వస్తే వారిని చూసేందుకు ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలంది. ఊడ్పులకు వెళ్లే తల్లికి మాత్రం అలాంటి హక్కు లేదు. ముఠా ఇవాళ ఒకరి చేలో, రేపు మరొకరి చేలో ఉంటుంది. ఈ భారం ఏ ఒక్క రైతూ మోయలేడు. ప్రభుత్వమే మోయాలి.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975లో మొదలైన ఆ పథకంలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకన్నా చిన్నబిడ్డకు పోషకాహారం ఇస్తారు గానీ, రోజంతా ఉంచుకోరు. 2022లో కేంద్రం మిషన్ శక్తి కింద పాల్నా పథకం తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను అంగన్‌వాడీలోనే చూసుకునే వీలు అందులో ఉంది. అది మన ఊళ్లకు రావాలి.

మనం అడిగేవి మూడు. ఊడ్పులు, కోతల రోజుల్లో కేంద్రం ముఠా బయల్దేరే వేళకే తెరవాలి. చంటిపిల్లలకు వేరే మనిషిని, వేరే జీతంతో పెట్టాలి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ చెల్లెళ్ల నెత్తిన ఈ పనీ రుద్దకూడదు. కౌలురైతుల పిల్లలకూ, కూలీల పిల్లలకూ ఉచితంగా చోటు ఇవ్వాలి.

వచ్చే గ్రామసభకు ఉత్త చేతులతో వెళ్లొద్దు. మీ ఊళ్లో మూడేళ్లలోపు పిల్లలెందరో, తల్లులు ఎన్నింటికి పనికి వెళ్తారో రాసుకుని వెళ్దాం. తీర్మానం చేయించి, రసీదు తీసుకుని వద్దాం.